నడివయసు దాటాక జీవిత భాగస్వామితో కలిసి ఇండీ రాక్ బ్యాండ్ పెట్టుకోవడం ఎలా?

ఏళ్ల తరబడి కలిసి బతికిన ఇద్దరు బ్యాండ్ పెట్టుకోవాలనుకున్నప్పుడు, కొత్తగా కలిసిన నలుగురికి లేని వెసులుబాటు ఒకటి వారికి ఉంటుంది. ఒకరి తొందర, తడబాటు, అలసట రెండోవారికి చెప్పకుండానే తెలుస్తాయి. చిక్కు కూడా సరిగ్గా అక్కడే ఉంది. చెప్పకుండానే తెలిసిపోతుందన్న అలవాటు వల్ల ఇంట్లో చాలా మాటలు నోటిదాకా రాకుండానే ఆగిపోతాయి. పాట విషయంలో మాత్రం వేగం ఎంత, శ్రుతి ఏది, ఎక్కడ ఆగాలి, ఏ లైను బాగాలేదు అన్న ప్రతి సంగతీ పైకి చెప్పుకుంటే తప్ప పని జరగదు. జంటగా పాడదలచినవారు ముందుగా అలవరచుకోవలసింది ఇదేనని నా గట్టి నమ్మకం.

పెద్ద రికార్డు కంపెనీల పెట్టుబడీ అదుపూ లేకుండా, సొంతంగానో చిన్న లేబుళ్ల సాయంతోనో వెలువడే సంగీతం నుంచి పుట్టిన శైలి ఇండీ రాక్. ఇందులో వేళ్ల వేగం కన్నా చెప్పదలచిన విషయానికి, సొంత గొంతుకు విలువ ఎక్కువ. ఆలస్యంగా మొదలుపెట్టేవారికి ఇది అనువైన శైలి కావడానికి కారణం అదే. ఇంగ్లండుకు చెందిన రెక్‌లెస్ ఎరిక్, అమెరికాకు చెందిన అమీ రిగ్బీ దంపతులు తమ తొలి ఉమ్మడి ఆల్బమ్‌ను విడుదల చేసింది 2008లో. అప్పటికి ఆయన యాభై దాటారు, ఆమె యాభైకి చేరువలో ఉన్నారు. వారిద్దరికీ అంతకుముందే విడివిడిగా సంగీత జీవితం ఉన్న మాట నిజమే. మొదటి నుంచీ నేర్చుకోవలసినవారికి మరికొంత కాలం పడుతుంది, అంతే తేడా.

మొదటి మెట్టు: ఎవరు ఏది వాయించాలి?

గిటార్, డ్రమ్స్ కలయిక ద్వయాలకు అందరికీ తెలిసిన దారి. అదొక్కటే దారి అనుకోనక్కర్లేదు. మేట్స్ ఆఫ్ స్టేట్ పేరుతో వాయించే కోరి గార్డ్‌నర్, జేసన్ హామెల్ దంపతులు ఆర్గాన్, డ్రమ్స్‌తోనే తమ ధ్వనిని నిర్మించుకున్నారు. రెండు గిటార్లతో గానీ, ఒక గిటార్‌కు డ్రమ్ మెషీన్ తోడు చేసుకుని గానీ మొదలుపెట్టవచ్చు. ఇద్దరిలో ఒకరికి ఏదైనా వాద్యం ఇప్పటికే వస్తే, దాన్ని వారికే వదిలేసి రెండోవారు లయ వైపు వెళ్లడం మంచిది. పాటకు తోడుగా నిలిచే సాదా లయను కొద్ది నెలల సాధనతోనే పట్టుకోవచ్చు.

డ్రమ్స్ అనగానే పూర్తి సెట్టు కొనాలనే తొందర వద్దు. అమెరికాలోని డలూత్ నగరంలో 1993లో మొదలైన ‘లో’ (Low) అనే బృందంలో మిమీ పార్కర్ నిలబడే వాయించేవారు. ఆమె ముందు ఉండేవి ఒక ఫ్లోర్ టామ్ (గంభీరంగా మోగే పెద్ద డ్రమ్), ఒక స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్), సింబల్ (లోహపు పళ్లెం). చేతుల్లో ఎక్కువగా కర్రలకు బదులు బ్రష్‌లు. ఆమె భర్త అలన్ స్పార్‌హాక్ గిటార్ వాయిస్తూ పాడేవారు, వారికి తోడుగా ఒక బాసిస్ట్ (బాస్ గిటార్‌పై కింది స్వరాలు వాయించేవారు) ఉండేవారు. అంత తక్కువ సరంజామాతో, అంత నెమ్మదైన గతిలో వారు పెంచిన ఉద్విగ్నత ఈనాటికీ పాఠమే. మోకాళ్ల నొప్పి వల్ల కిక్ పెడల్ తొక్కలేనివారికి, గట్టి శబ్దం పడనివారికి ఈ పద్ధతి నేరుగా పనికొస్తుంది.

గిటార్ ఎంపికలోనూ శరీరం మాట వినాలి. వేళ్ల కీళ్లు బిగుసుకుంటున్నవారు తీగ నిడివి తక్కువున్న గిటార్‌ను తీసుకుంటే తీగల బిగువు తగ్గి నొక్కడం తేలికవుతుంది. ఉదాహరణకు ఫెండర్ ముస్టాంగ్ తీగ నిడివి 24 అంగుళాలు, స్ట్రాటోకాస్టర్‌ది 25.5 అంగుళాలు. అన్నిటికన్నా సన్నని తీగ మందం 0.009 అంగుళాలుండే సెట్టు వేసుకుంటే ఇంకా సుఖం. కొత్తవారికి వేలికొసల నొప్పి మొదటి కొన్ని వారాలు తప్పదు. చర్మం గట్టిపడేకొద్దీ అది తగ్గుతుంది. కీలు లోపల నొప్పి వస్తే మాత్రం సాధన ఆపి వైద్యుడికి చూపించుకోవాలి.

బాస్ లేని లోటు గురించి కొత్త ద్వయాలు అనవసరంగా కంగారు పడతాయి. గిటార్ ధ్వనికి ఒక స్థాయి కింది స్వరాన్ని జోడించే ఆక్టేవ్ పెడల్ ఒక ఉపాయం. బొటనవేలితో మంద్ర తీగల మీద మూలస్వరాన్ని నిలపడం, ఫ్లోర్ టామ్‌ను బాగా దించి కట్టుకోవడం కూడా ఉపాయాలే. పల్లవికి మాత్రమే ఆ బరువును దాచుకుని, చరణంలో ఆ చోటును ఖాళీగానే వదిలేస్తే, పల్లవి వచ్చినప్పుడు వినేవారికి తేడా తెలుస్తుంది. ఇద్దరే ఉన్న బ్యాండ్‌కు నిశ్శబ్దం కూడా ఒక వాద్యమే.

రెండో మెట్టు: చెవులను కాపాడుకోండి

చిన్న గదిలో డ్రమ్స్ శబ్దం 100 డెసిబెల్స్ దాటడం మామూలే. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదు. ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది సుమారు 15 నిమిషాలే. వయసుతో పాటు పై స్థాయి శబ్దాలు వినే శక్తి ఎలాగూ తగ్గుతుంది కాబట్టి, సంగీతకారుల కోసం తయారుచేసిన ఇయర్‌ప్లగ్స్‌ను గిటార్ కన్నా ముందు కొనండి.

మూడో మెట్టు: ఇద్దరికీ సరిపోయే శ్రుతి

ఇరవై ఏళ్ల వయసులో పాడిన పాటలను అదే శ్రుతిలో పాడబోయి నిరాశపడేవారు చాలామంది. గొంతు మారుతుంది. ఋతుచక్రం ఆగిన తర్వాత స్త్రీల గొంతు సాధారణంగా కొంత కిందికి దిగుతుంది, బాగా వయసు మళ్లాక పురుషుల గొంతు కాస్త పైకి జరుగుతుంది. అంటే కాలం గడిచేకొద్దీ దంపతుల గొంతులు ఒకదానికొకటి దగ్గరవుతాయి. యువ జంటలకు లేని ఈ అనుకూలతను పూర్తిగా వాడుకోండి.

దీనికి ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు. ఇద్దరికీ వచ్చిన ఒక సులువైన పాటను ఎంచుకుని, గిటార్ మెడ మీద కాపోను (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే బిగింపును) ఒక్కో మెట్టు జరుపుతూ ఇద్దరూ విడివిడిగా పాడండి. కాపో ఒక్క మెట్టు జరిగితే శ్రుతి ఒక్క స్వరస్థానం పెరుగుతుంది. 12 మెట్లు దాటితే మళ్లీ అదే స్వరం పై స్థాయిలో వస్తుంది. ప్రతిసారీ ఫోన్‌లో రికార్డు చేసి, ఎక్కడ గొంతు బిగుసుకుంటోందో, ఎక్కడ కింది స్వరాలు గాలిగా మారుతున్నాయో కాగితం మీద రాసుకోండి. రెండు కాగితాలను పక్కపక్కన పెడితే ఇద్దరికీ హాయిగా ఉన్న శ్రుతులు రెండో మూడో కనిపిస్తాయి. మీ తొలి పాటలన్నీ వాటిలోనే ఉండాలి. అలాంటి శ్రుతి ఒక్కటీ దొరక్కపోతే చరణం ఒకరికి, పల్లవి మరొకరికి పంచండి. లేదా ఒకే బాణీని ఒకరు కింది స్థాయిలో, మరొకరు పై స్థాయిలో పాడండి. గిటార్‌ను మొత్తంగా అర స్వరం దించి కట్టుకుంటే గొంతుకు ఊరట, తీగలు వదులై వేళ్లకూ ఊరట.

నాలుగో మెట్టు: మొదటి సొంత పాట

ఇతరుల పాటలు రెండు మూడు నేర్చుకున్నాక సొంత పాటకు ఆలస్యం చేయవద్దు. ఇతరుల పాటలో మీ తప్పులు మాత్రమే వినిపిస్తాయి, సొంత పాటలో మీ తీరు వినిపిస్తుంది.

లయ దెబ్బలు వినిపించే మెట్రోనోమ్‌ను నిమిషానికి 92 దెబ్బల దగ్గర పెట్టి, రెండే రెండు కార్డ్స్ (కొన్ని స్వరాలను ఒకేసారి మోగించే కూర్పులు) తీసుకుని, ఒక్కోదాన్ని ఎనిమిది దెబ్బల చొప్పున వాయించండి. డ్రమ్స్ దగ్గరున్నవారు ప్రతి నాలుగు దెబ్బల్లో ఒకటోదీ మూడోదీ మాత్రమే ఫ్లోర్ టామ్ మీద వేయాలి. స్నేర్ జోలికి వెళ్లకూడదు. చరణం అంతా ఇలాగే నడిచి, పల్లవి దగ్గర మూడో కార్డ్ వచ్చి, అప్పుడు రెండో, నాలుగో దెబ్బల మీద స్నేర్ మొదటిసారి పడాలి. పాట నిలబడటానికి ఇంత నిర్మాణం చాలు.

సాహిత్యం ఎవరు రాయాలన్నది జంటను బట్టి ఉంటుంది. ఇండీ రాక్‌కు పక్కనే ఉండే కంట్రీ బాణీలో పాడే ద హాండ్‌సమ్ ఫ్యామిలీ దంపతులలో రెన్నీ స్పార్క్స్ సాహిత్యం రాస్తారు, బ్రెట్ స్పార్క్స్ బాణీ కడతారు. ఈ విభజనలో ఒక మేలుంది: ఒకరి పని ముగిసిన చోట రెండోవారి పని మొదలవుతుంది కనుక ఒకే లైను మీద ఇద్దరూ పట్టు పట్టే సందర్భాలు తగ్గుతాయి. అన్ని పాటలూ మీ ప్రేమకథే కానవసరం లేదు. ఇంటి సంగతులు పాటలోకి వచ్చినప్పుడు మాత్రం, రెండోవారికి ఇష్టంలేని ఏ లైనునైనా కారణం అడగకుండా తీసేయాలన్న నియమం మొదటి రోజే పెట్టుకోండి.

ఐదో మెట్టు: తప్పు చెప్పుకునే పద్ధతి

జంటల బ్యాండ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి దీనికి తగినంత సమయం ఇవ్వండి. పల్లవి దగ్గర డ్రమ్స్ వేగం పెరిగిందనుకుందాం. “నీకు ప్రతిదానికీ తొందరే” అన్న మాట వినగానే, ఎదుటివారికి అందులో పాట వినిపించదు. ఏళ్ల నాటి ప్రయాణాలు, పెళ్లిళ్లు, డబ్బు తగాదాలు వినిపిస్తాయి. “రెండో చరణం మూడో లైను దగ్గర వేగం పెరిగింది, అక్కణ్నుంచి మళ్లీ వాయిద్దామా?” అంటే ఎదుటివారి చెయ్యి ఆ మూడో లైను దగ్గరకే వెళ్తుంది. స్థలం చెప్పాలి, ఏం జరిగిందో చెప్పాలి, స్వభావం గురించి మాత్రం మాట్లాడకూడదు.

దీన్ని సులువు చేసే మార్గం రికార్డింగే. సాధన ముగిశాక ఇద్దరూ కలిసి వింటూ, మాట్లాడకుండా, ఎవరి కాగితం మీద వారు నిమిషం, సెకను వేసి గమనించినది రాసుకోవాలి. ఆ తర్వాత ముందుగా తమ తప్పులను తామే చదవాలి. చాలాసార్లు ఇద్దరూ ఒకే చోటును గుర్తిస్తారు, చర్చ అక్కడితో ముగుస్తుంది. రాయకుండా మిగిలిపోయిన అసంతృప్తి మరుసటి రోజు మరో విషయం మీద బయటపడుతుందని మరిచిపోవద్దు.

సాధన సమయాన్ని ఇంటి సమయం నుంచి వేరుచేయడం కూడా అంతే ముఖ్యం. వారానికి ఒకసారి మూడు గంటలు కూర్చోవడం కన్నా, మూడుసార్లు 45 నిమిషాల చొప్పున కూర్చోవడం మేలు. ఆ సమయంలో బిల్లులు, పిల్లలు, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల ప్రస్తావన రాకూడదు. అలాగే అన్నం తింటూ రెండో చరణం గురించి తగువు పడకూడదు.

ఆరో మెట్టు: హక్కుల సంగతి కాగితం మీద పెట్టండి

పాట మీద, అంటే సాహిత్యం, బాణీల మీద ఉండే హక్కు వేరు, దాని రికార్డింగ్ మీద ఉండే హక్కు వేరు. ప్రతి పాటకూ ఎవరి వాటా ఎంతో, రికార్డింగ్ ఎవరిదో, బ్యాండ్ పేరు ఎవరికి చెందుతుందో ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేయండి. మన మధ్య ఇవన్నీ ఎందుకని అనిపించడం సహజమే. ద వైట్ స్ట్రైప్స్‌గా పేరుపొందిన జాక్ వైట్, మెగ్ వైట్ 2000లో విడాకులు తీసుకున్నా, ఆ బ్యాండ్ 2011లో గానీ ముగియలేదు. సామ్ కూమ్స్, జానెట్ వైస్‌ల బ్యాండ్ క్వాసీ కూడా వారి వివాహం ముగిశాక కొనసాగింది. పెళ్లికీ బ్యాండ్‌కూ ఆయుష్షు ఒకటే కానవసరం లేదు. జంటలో ఒకరు పోయినా, ఆ పాటలు ఎవరి చేతిలో ఉండాలో ఈ కాగితమే చెబుతుంది.

ఏడో మెట్టు: ఇంట్లోనే రికార్డింగ్

మైకులను కంప్యూటర్‌కు కలిపే, రెండు ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్, షూర్ ఎస్‌ఎమ్ 57 లాంటి డైనమిక్ మైకులు రెండు, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే ఆరంభానికి సరిపోతుంది. 24 బిట్లలో రికార్డు చేస్తూ, సాఫ్ట్‌వేర్ మీటరులో అత్యధిక స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకుంటే శబ్దం పగలదు. ముందు ఇద్దరూ కలిసి వాయించినదాన్ని తీసుకుని, గొంతులను ఆ తర్వాత విడిగా చేర్చండి. ఒకే మైకు ముందు ఇద్దరూ నిలబడి పాడే పద్ధతినీ ప్రయత్నించండి. ఎవరి గొంతు పెద్దదైతే వారు ఒక అడుగు వెనక్కి జరిగితే సమతూకం దానంతటదే వస్తుంది.

ఎనిమిదో మెట్టు: మొదటి ప్రదర్శన

30 నిమిషాల అవకాశం దొరికితే ఏడు పాటలు చాలు. శ్రుతి చూసుకోవడానికి, రెండు మాటలు మాట్లాడటానికి, ఊపిరి తీసుకోవడానికి మిగతా సమయం కావాలి. డ్రమ్స్‌ను వేదిక వెనక్కి నెట్టకుండా ముందు అంచుకు తెచ్చి, ఒకరి చేతులు మరొకరికి కనిపించేలా కాస్త ఏటవాలుగా కూర్చోండి. ప్రతి పాట ముగింపునూ ఎవరు సైగ చేస్తారో ముందే అనుకోండి. మొదలు తడబడితే సర్దుకోవచ్చు కానీ, ముగింపు తడబడితే ఇద్దరి ముఖాల్లోనూ తెలిసిపోతుంది. పాట మధ్యలో ఒకరు మాట మరిచిపోతే రెండోవారు ఆ లైను అందుకోవాలని కూడా అనుకుని ఉంచుకోండి.

ప్రదర్శన అయిన రాత్రి తప్పుల గురించి మాట్లాడకండి. మరుసటి రోజు రికార్డింగ్ విని, తర్వాతి ప్రదర్శనకు ఏ పాటలు ఉంచాలో ఇద్దరూ విడివిడిగా రాయండి. రెండు కాగితాల్లోనూ ఉన్నవి ఉంటాయి. ఒక్కదానిలోనే ఉన్న పాటను శ్రుతి గానీ వేగం గానీ మార్చి మరోసారి వాయించి చూడండి. రెండింటిలోనూ లేనిదాన్ని మొహమాటం లేకుండా పక్కన పెట్టి, దాని స్థానంలో కొత్త పాట మొదలుపెట్టండి.