ల్యాప్‌టాప్‌కి ర్యామ్ కొనేముందు లోపల ఏముందో తెలుసుకోండి

"ఎనిమిది జీబీ ర్యామ్ ఒకటి ఇవ్వండి" అని దుకాణంలో అడిగితే సరిపోదు. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని తరాలున్నాయి. ఒక్కో తరం కార్డుకు గాడి ఉండే చోటు వేరు, ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. బలవంతంగా నొక్కితే విరిగేది స్లాటే.

మూత విప్పకుండానే సగం సంగతి తెలుస్తుంది. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, ఆపైన మెమొరీ తెరవండి. కింద స్పీడ్, స్లాట్స్ యూజ్డ్, ఫామ్ ఫ్యాక్టర్ కనిపిస్తాయి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ఎస్‌ఓడిమ్ అని ఉంటే అది ల్యాప్‌టాప్‌లో వేసే పొట్టి కార్డు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే చిప్‌లు బోర్డుకే అతికించి ఉన్నాయన్నమాట, వాటిని మార్చలేం. ఈ స్లాట్ల లెక్కను మాత్రం గుడ్డిగా నమ్మకండి. బోర్డుకు అతికిన ర్యామ్‌ను కూడా కొన్ని మోడళ్లు స్లాట్ కిందే చూపిస్తాయి.

8 జీబీ ఉండాల్సిన చోట 5.9 అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. అక్కడే ఉన్న హార్డ్‌వేర్ రిజర్వ్డ్ అంకె చూడండి, మిగతాది చాలావరకు గ్రాఫిక్స్ తీసుకుని ఉంటుంది. 32 బిట్ విండోస్ అయితే మామూలుగా 4 జీబీ దాటి వాడుకోలేదు. అలాంటప్పుడు ముందు మార్చాల్సింది విండోస్‌నే.

తర్వాత సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ఎస్‌పీడీ ట్యాబ్‌లో ఒక్కో స్లాట్ ఎంచుకుంటే ర్యామ్ రకం, సైజు, కంపెనీ, పార్ట్ నంబరు వస్తాయి. చాలామంది తడబడేది మెమొరీ ట్యాబ్‌లో. అక్కడి డీర్యామ్ ఫ్రీక్వెన్సీ సగమే చూపిస్తుంది. 1600 అని ఉంటే కార్డు నడుస్తున్నది 3200 మీద. అది చూసి 1600 కార్డు అడిగితే డీడీఆర్3 చేతిలో పెడతారు.

ఇక కార్డు మీది స్టిక్కర్. ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, మూత తీశాక వీలైతే బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయండి. '8జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ4-3200ఏఏ' లాంటి వరుస కనిపిస్తుంది. పీసీ4 అంటే డీడీఆర్4, చివరనున్న 3200 దాని వేగం. కొన్నిటి మీద పీసీ4-25600 అని రాస్తారు. దాన్ని 8తో భాగిస్తే అదే 3200. పాత ల్యాప్‌టాప్‌లో పీసీ3ఎల్ కనిపిస్తే ఆ 'ఎల్' అక్షరాన్ని వదిలేయొద్దు. అది 1.35 వోల్టుల కార్డు. మామూలు పీసీ3కి 1.5 వోల్టులు కావాలి, స్లాట్‌లో చక్కగా కూర్చున్నా మెషిన్ ఆన్ కాకపోవచ్చు.

వేగం తేడా ఉంటే అంత ఇబ్బంది లేదు. 2666 పక్కన 3200 వేస్తే సాధారణంగా రెండూ 2666 మీద నడుస్తాయి. ఎంతవరకు పెంచుకోవచ్చన్నది మాత్రం ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీలోనే చూడాలి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)కి వెళ్లినా, ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టినా స్టిక్కర్ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.

కొత్త కార్డు వేశాక తెర నల్లగానే ఉంటే వెంటనే చెడిపోయిందనుకోవద్దు. డీడీఆర్5 అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అప్పటికీ రాకపోతే కార్డు తీసి, ఏటవాలుగా పూర్తిగా లోపలికి తోసి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేదాకా కిందికి నొక్కండి. బంగారు రంగు అంచు బయటికి కనిపిస్తోందంటే కార్డు ఇంకా పూర్తిగా దిగలేదు.