రిక్రూట్ పాఠాలు - 3: సగం కమాండ్‌కి కదలొద్దు

పోయిన పాఠంలో బూట్లు, సాక్సులు, పాదాలకు బొబ్బలు రాకుండా చూసుకోవడం గురించి చెప్పుకున్నాం. ఈసారి డ్రిల్ గ్రౌండ్.

ఆర్మీ అగ్నివీర్‌గా గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌కి వెళ్లినా, ఎక్కడో జబల్‌పూర్‌కి వెళ్లినా కమాండ్లు హిందీలోనే ఉంటాయి. 31 వారాల శిక్షణలో మొదటి 10 వారాలు బేసిక్. పరుగు సంగతి వదిలేయండి, భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు పరిగెత్తే కదా వచ్చారు. మన కుర్రాళ్లు ఎక్కువగా తడబడేది డ్రిల్‌లోనే.

చాలా కమాండ్లలో రెండు ముక్కలు ఉంటాయి. ఉస్తాద్ (డ్రిల్ నేర్పే శిక్షకుడు) "దాహినే..." అని సాగదీస్తే, కుడివైపు తిరగాల్సి ఉంటుందని ముందే చెబుతున్నాడన్నమాట. కాస్త ఆగి "ముడ్!" అంటాడు. కదలాల్సింది అప్పుడే. కుడి మడమ, ఎడమ ముని వేళ్ల మీద తొంభై డిగ్రీలు తిరిగి ఆగండి. తర్వాత ఎడమ కాలు తెచ్చి కుడి కాలి పక్కన కొట్టండి. "బాయే ముడ్" అంటే ఎడమవైపు తిరగడం, దానికి కాళ్లు తారుమారు. "పీఛే ముడ్" అంటే కుడివైపు నుంచే పూర్తిగా వెనక్కి.

మొదటి ముక్కకే తిరిగేవాడు రెండు రోజుల్లో సర్దుకుంటాడు. పక్కవాణ్ణి చూసి తిరిగేవాడితోనే కష్టం. ఆ పక్కవాడు కూడా ఇతన్నే చూస్తుంటాడు మరి! చూపు ఎదురుగా పెట్టి చెవిని నమ్ముకోండి.

"తేజ్ చల్" (కవాతు నడక మొదలుపెట్టమనే కమాండ్)కి ఎడమ కాలు ముందు, దాంతో కుడి చెయ్యి. కంగారులో ఒకే వైపు కాలూ చెయ్యీ కలిసి లేస్తాయి. చేతుల గురించి ఆలోచించేకొద్దీ అది ఎక్కువవుతుంది. మామూలుగా నాలుగడుగులు నడిచి, ఆ ఊపులోనే చేతులు బిగించి చూడండి. నిమిషానికి 120 అడుగుల వేగం తర్వాత వస్తుంది.

"జైసే థే" అని వినిపిస్తే ముందున్న భంగిమలోకి వచ్చేయండి. అది తిట్టు కాదు, మళ్లీ చేయమనడం.

అభ్యాసం: ఈ కమాండ్లను ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డు చేయండి. వరస మార్చండి. రెండు ముక్కల మధ్య విరామం ఒకసారి తక్కువగా, ఒకసారి ఎక్కువగా ఉంచండి. కొన్నిచోట్ల "దాహినే" అని వదిలేసి, "ముడ్" అనకండి. కళ్లు మూసుకుని, అది వింటూ చేయండి. ఆ ఖాళీల్లో కదలకుండా నిలబడగలిగాక నాలుగో పాఠానికి రండి. అందులో మంచం సర్దడం, కిట్ పేర్చడం చూద్దాం.