సేగా తెర లోగోల పట్టికను పద్ధతిగా తయారుచేసే విధానం

జపాన్ వీడియో గేమ్ సంస్థ సేగా నీలి అక్షరాల గుర్తు 1970ల మధ్యకాలం నుంచి ఆకృతిలో పెద్దగా మారలేదు. మారుతూ వచ్చినదల్లా ఆ గుర్తు తెర మీదకు వచ్చే తీరు. కాబట్టి ఈ లోగోల చరిత్రను రాయదలచినవారు నిలిచిపోయిన చివరి బొమ్మతో సరిపెట్టుకోకుండా, ఆ గుర్తు ఎలా వచ్చింది, ఎంతసేపు నిలిచింది, ఏ శబ్దంతో ముగిసింది అన్న వివరాలను కూడా నమోదు చేయాలి. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఊళ్లలోని మన తెలుగు ఇళ్ల అటకల మీద పాత వీడియో గేమ్ యంత్రం, నాలుగైదు క్యాసెట్లు మిగిలి ఉంటే ఈ పనిని ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

ముందుగా క్యాసెట్టు అంచున ఉండే రాగి పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతే యంత్రంలో పెట్టాలి. నోటితో ఊదే అలవాటు మనలో చాలామందికి ఉంది, కానీ ఆ తేమ పట్టీలకు హాని చేస్తుంది. సముద్రపు గాలి తగిలే బరంపురం వైపు ఈ జాగ్రత్త మరింత అవసరం. పట్టీలు మురికిగా ఉన్నప్పుడు తెర మీద చెదిరి కనిపించే అక్షరాలను లోగోలో ఒక రకంగా పొరబడి రాసుకోకూడదు.

యంత్రాన్ని వెలిగించగానే కనిపించే ప్రతి తెరా ప్రచురణకర్తది, అంటే ఆటను విడుదల చేసిన సంస్థది, కాదు. ఈ ఒక్క విషయంలో తొందరపడితే పట్టిక మొత్తం తప్పుతుంది. సేగా వారి మెగా డ్రైవ్ గేమ్ యంత్రాలలో తరువాతి కాలపు నమూనాలు, తమలో నడిచే ఏ క్యాసెట్టు పెట్టినా, ఇది సేగా ఎంటర్‌ప్రైజెస్ తయారుచేసినది లేదా దాని అనుమతితో తయారైనది అన్న అర్థమిచ్చే ఆంగ్ల వాక్యాన్ని ముందుగా చూపుతాయి. ఆ వాక్యం యంత్రంలోనిదే తప్ప క్యాసెట్టులోనిది కాదు. సేగా అనుమతి లేకుండా ఆటలు తయారుచేసిన అకోలేడ్ సంస్థ క్యాసెట్లకు కూడా అదే వాక్యం కనిపించేది. దీనికి సంబంధించిన వివాదంలో అమెరికా అప్పీలు న్యాయస్థానం 1992లో అకోలేడ్ పక్షాన తీర్పు ఇచ్చింది. కనుక యంత్రపు తెర, ప్రచురణకర్త తెర, ఆటను రూపొందించిన బృందపు తెర అనే మూడింటికి మూడు వేర్వేరు గడులు కేటాయించాలి.

రికార్డు చేయడానికి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల ఆడియో-వీడియో (ఏవీ) తీగను, చిత్రాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి కలపడం మంచి మార్గం. చవక పరికరాలు పక్కపక్క ఫ్రేములను (వీడియోలోని ఒక్కో నిశ్చల చిత్రాన్ని) కలిపేస్తాయి కాబట్టి వేగంగా కదిలే భాగాన్ని ఫ్రేము ఫ్రేముగా ఆపి పరిశీలించాలి. పాత డబ్బా టీవీ తెరను ఫోనుతో చిత్రీకరించవలసి వస్తే షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతుకు పెట్టుకుంటే నల్లని పట్టీలు తగ్గుతాయి. మన దేశపు పాత టీవీల పాల్ పద్ధతిలో సెకనుకు 50 సార్లు చిత్రం మారుతుంది, జపాన్, అమెరికా యంత్రాలలో 60 సార్లు మారుతుంది. అక్కడ 2 సెకన్లలో ముగిసే 120 ఫ్రేముల కదలిక, వేగాన్ని సరిదిద్దని ఆటలో, ఇక్కడ 2.4 సెకన్లు పడుతుంది. అందువల్ల నిడివిని ఫ్రేములలో రాసి, పక్కనే 50 లేదా 60 అని తప్పక గుర్తించాలి.

వర్ణనకు నమూనాగా 1991 నాటి సోనిక్ ద హెడ్జ్‌హాగ్ ఆటను తీసుకోవచ్చు. తెల్లని తెర మీద నీలి అక్షరాలు నిలిచి ఉండగా వాటి మీదుగా ఒక లేత మెరుపు సాగిపోతుంది, ఆపై సంస్థ పేరును పాటలాగా పలికే గొంతులు వినిపిస్తాయి. అక్షరాల బొమ్మ అక్కడ కదలదు. ఆ బొమ్మకు కేటాయించిన రంగుల వరుస మాత్రమే మారుతూ ఉంటుంది. మొత్తం 512 రంగులలో ఒకేసారి 64కు మించి వాడలేని యంత్రంలో, కొత్త బొమ్మలు ఏవీ నింపకుండానే కదలిక భ్రమను కలిగించిన ఈ పనితనం నాకు ఎంతో ఇష్టం. 1992 నాటి సోనిక్ రెండవ ఆటలో కథానాయకుడు సోనిక్ స్వయంగా తెర మీద అటూ ఇటూ పరుగెత్తగా అతని వెనుక లోగో రూపు కడుతుంది. ఈ రెండింటికీ నీలి లోగో అని ఒకే మాట రాసి ఊరుకుంటే అసలు భేదం పట్టికలోకి రానే రాదు.

సంతలలో దొరికే నకలు క్యాసెట్లలో ప్రచురణకర్త పేరును, కాపీరైటు వరుసను చెరిపివేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. అటువంటి చోట అసలు ఆటలోని లోగోను తెచ్చి అతికించకుండా, పేరు తొలగించిన ప్రతి అని రాయాలి. పాత ఆటల సంకలనాలలో మొదట కొత్త లోగో వచ్చి, ఆట తెరిచాక పాత లోగో కనిపిస్తుంది. ఆ రెండింటినీ వేర్వేరు తేదీల కింద చేర్చాలి. సేగా గేమ్ యంత్రం డ్రీమ్‌కాస్ట్ 1998లో జపాన్‌లో వెలువడింది, దాని ఉత్పత్తిని ఆపుతున్నట్లు సేగా 2001 జనవరిలో ప్రకటించింది. ఆ తరువాత ఈ గుర్తు ఇతర సంస్థల యంత్రాల మీద, వాటి ప్రారంభ తెరలు ముగిశాక కనిపించసాగింది. కాబట్టి 2001 నుంచి యంత్రం పేరుతో పాటు దాని తయారీదారు పేరు కూడా రాసుకోవాలి.

మన ప్రాంతంలో చాలామంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుతారు కనుక, గడుల పేర్లను రెండు లిపులలోనూ రాస్తే వారి స్నేహితులు కూడా వివరాలు చేర్చగలుగుతారు. వీడియోలను వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గుతుంది. మూల ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఉంచి, దాని పేరులో ఆట, యంత్రం, ప్రాంతం, సంవత్సరం అదే వరుసలో రాయాలి.