ముక్కకుండా, ఊపిరి బిగబట్టకుండా: కటి కండరాలను గుర్తించి బలపరుచుకునే విధానం

తుమ్మినా, గట్టిగా నవ్వినా, నీళ్ల బిందె ఎత్తినా మూత్రం చుక్కలుగా జారుతోందని ఒక స్త్రీ చెప్పుకుంటే, "ఇద్దరు పిల్లల్ని కన్నాక అంతేనమ్మా" అన్న మాటే మన ఇళ్లలో ముందుగా వినిపిస్తుంది. ఇది చాలామందిలో కనిపించే ఇబ్బందే గాని సర్దుకుపోవలసిన ఇబ్బంది మాత్రం కాదు. సరైన కండరాన్ని గుర్తించి మూడు నెలలు క్రమం తప్పకుండా సాధన చేస్తే ఎక్కువ మందికి ఇది తగ్గుముఖం పడుతుంది.

ఆ కండరాలు ఎక్కడున్నాయో ముందు తెలియాలి. పొత్తికడుపు అడుగున చేతికి గట్టిగా తగిలే ఎముక నుండి వెనుక తోక ఎముక వరకు, కూర్చున్నప్పుడు నేలకు ఆనే రెండు ఎముకల మధ్య పరచుకుని ఉన్న కండరాల పొరనే వైద్యులు పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం ఈ పొర మీదే ఆని ఉంటాయి. మూత్రమార్గం, యోని, మలద్వారం దీని గుండానే బయటికి వస్తాయి. నులక మంచాన్ని తలచుకుంటే సంగతి సులువుగా బోధపడుతుంది. నులక బిగువుగా ఉన్నంతకాలం ఎంతమంది కూర్చున్నా మంచం మోస్తుంది, వదులైతే మధ్యలో కుంగిపోతుంది. కాకపోతే నులక కదలదు, ఈ పొర మాత్రం ఊపిరితో పాటు కదులుతుంది: గాలి పీల్చినప్పుడు కొద్దిగా కిందికి దిగి, వదిలినప్పుడు పైకి లేస్తుంది. సాధన అంతా ఈ కదలిక మీదే ఆధారపడి ఉంది.

పొర వదులు కావడానికి కాన్పు ఒక్కటే కారణం కాదు. తొమ్మిది నెలల బరువే దాన్ని సాగదీస్తుంది కనుక సిజేరియన్ అయినవారికీ ఈ సాధన అవసరమే. మానని దగ్గు, మలబద్ధకం, అధిక బరువు, ముట్లుడిగిన తరువాత తగ్గే హార్మోన్లు, ఏళ్ల తరబడి బరువులెత్తడం కూడా కారణాలే.

ఇక కండరాన్ని గుర్తించడం. ఒక తువ్వాలును చుట్టగా చుట్టి, కుర్చీ మీద ముందు నుండి వెనక్కి నిలువుగా పెట్టి, దానికి అటూ ఇటూ కాళ్లు వేసి నడుము నిటారుగా ఉంచి కూర్చోవాలి. రెండు మూడు సార్లు తీరికగా ఊపిరి పీల్చి వదిలిన తరువాత, ఊపిరి వదులుతూ, నలుగురిలో అపానవాయువును ఆపుకున్నట్టుగా వెనుక దారిని బిగించి, ఆ బిగువును అలాగే ముందుకు తెచ్చి, మూత్రాన్ని కూడా ఆపుతున్నట్టు లోపలికి, పైకి లాగాలి. సరిగా చేస్తే శరీరం ఆ తువ్వాలు నుండి కాస్త పైకి తేలినట్టు తెలుస్తుంది. తువ్వాలు మీద ఒత్తిడి పెరిగిందంటే ముక్కుతున్నారన్నమాట. అంటే చేయవలసిన పనికి సరిగ్గా వ్యతిరేకమైన పని. నా రెండో కాన్పు తరువాత దాదాపు నెలన్నర నేను ఆ తప్పే చేశాను, శ్రద్ధగా చేస్తున్నాననే అనుకున్నాను. పిరుదులు బిగిసి మనిషి కుర్చీ నుండి లేస్తున్నా, తొడలు దగ్గరికి వస్తున్నా, ఊపిరి ఆగినా అది వేరే కండరాల పని.

మూత్రం పోస్తూ మధ్యలో ఆపి చూడడం గుర్తుపట్టడానికి ఒకసారికి పనికొస్తుంది గాని దాన్నే వ్యాయామంగా చేయకూడదు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా మిగిలిపోతుంది.

గుర్తు దొరికాక, మూడు నాలుగు అంకెలు లెక్కించేంత సేపు పైకి పట్టి ఉంచి, అంతకంటే ఎక్కువ సేపు పూర్తిగా వదిలేయాలి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే; సగం వదిలి మళ్లీ బిగిస్తే కండరం అలసిపోతుందే గాని బలపడదు. ఇలా 8 సార్లు, రోజుకు మూడు పూటలు చేస్తూ, వారాలు గడిచేకొద్దీ పట్టి ఉంచే సమయాన్ని 10 సెకన్ల దాకా పెంచుకోవాలి. చివరలో చటుక్కున బిగించి చటుక్కున వదిలేవి ఓ పది చేయాలి, ఎందుకంటే దగ్గు వచ్చినప్పుడు అక్కరకు వచ్చేవి అవే. అమెరికా స్త్రీవైద్య నిపుణుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాన్ని ప్రచురించినందున దీనికి ఆయన పేరే స్థిరపడింది. మొదట పడుకుని, తరువాత కూర్చుని, ఆపైన నిలబడి చేయాలి.

సాధనను పనిలోకి తేవడమే అసలు కిటుకు. తుమ్ము రాబోతోందని తెలిసిన క్షణంలో, బిందె పైకెత్తే ముందు, ఆ కండరాన్ని బిగించి ఊపిరి వదులుతూ ఎత్తాలి. సార్వా ఊడ్పుల రోజుల్లో గంటల తరబడి నడుము వంచి, ఆపైన నారు కట్టలు మోసే స్త్రీలకు ఈ ఒక్క అలవాటే ఎంతో మేలు చేస్తుంది. రొయ్యల షెడ్లలో రోజంతా నిలబడి పనిచేసేవారు మరుగుదొడ్డికి వెళ్లే వీలు లేదని నీళ్లే మానేస్తుంటారు. దానివల్ల మూత్రం చిక్కబడి, మూత్రాశయం మండి, ఇన్‌ఫెక్షన్లకు దారి ఏర్పడి, మాటిమాటికీ వెళ్లవలసి వస్తుంది. బాలింతకు నీళ్లు తగ్గించే పాత పద్ధతి కూడా మలబద్ధకాన్నే తెచ్చిపెడుతుంది. నడికట్టును ఊపిరి ఆడనంతగా బిగిస్తే లోపలి ఒత్తిడి కిందికే దిగుతుంది. మలవిసర్జన వేళ ముక్కడం మానాలి. కుర్చీ తరహా మరుగుదొడ్డి అయితే పాదాల కింద చిన్న పీట వేసుకుంటే సరి.

కలయికలోగాని మామూలుగాగాని కటి భాగంలో నొప్పి ఉన్నవారిలో ఈ కండరాలు వదులు కాక బిగుసుకుపోయి ఉండవచ్చు. వారు బిగించే వ్యాయామం మొదలుపెట్టకుండా, లోతుగా ఊపిరి పీల్చి కింది భాగాన్ని వదిలే సాధన చేస్తూ ఫిజియోథెరపిస్టును కలవాలి. మూత్రంలో మంట, రక్తం, ముట్లుడిగాక రక్తస్రావం కనిపిస్తే వ్యాయామంతో కాలం గడపకూడదు.

యోని దగ్గర ఏదో ఉండలా తగులుతున్నా, సాయంత్రానికి బరువుగా లాగుతున్నా, గర్భసంచి వంటి లోపలి అవయవం కిందికి జారిన స్థితి అయి ఉండవచ్చు. ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చెప్పి స్త్రీవైద్య నిపుణురాలి చేత పరీక్ష చేయించుకోవాలి. జారడం ఏ మేరకు ఉందో చూసి వ్యాయామం, లోపల అమర్చే రింగు, శస్త్రచికిత్స అనే మూడు మార్గాల్లో ఏది తగినదో ఆమె చెబుతారు. గర్భసంచి తీయించుకుంటే మూత్రం జారడం దానంతటదే ఆగిపోతుందన్న నమ్మకం సరికాదు. సంచి తీసినా కింద మోసే పొర అదే. ఆ శస్త్రచికిత్స జరిగినవారు ఈ సాధనను ఎప్పుడు మొదలుపెట్టవచ్చో, బరువులు ఎన్నాళ్లు ఎత్తకూడదో ఆసుపత్రి నుండి ఇంటికి బయలుదేరే ముందే అడిగి తెలుసుకోవాలి.