పాత ల్యాప్‌టాప్, ఒక వెబ్‌క్యామ్, మాయమవుతున్న పాల ప్యాకెట్

బెంగళూరు మారతహళ్లిలో మేముండే అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్ ఆంటీ పర్మిషన్ కావాలి, సీసీటీవీ పెట్టించుకుంటామంటే డ్రిల్లింగ్ వద్దు, వైర్లు వద్దు, కావాలంటే తలుపుకి ఇంకో తాళం వేసుకోండి అన్నారు. అప్పటికి నెలరోజులుగా గ్రిల్‌కి తగిలించిన సంచిలోంచి వారానికి రెండు మూడుసార్లు ఒక పాల ప్యాకెట్ కనపడటం లేదు. డబ్బు సంగతి పక్కన పెట్టండి, పొద్దున్నే కాఫీ పడకపోతే మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. అటక మీద కీబోర్డ్ సగం పనిచెయ్యని పాత ల్యాప్‌టాప్ ఉంది, వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో కొన్న యూఎస్‌బీ వెబ్‌క్యామ్ ఉంది. రెండూ కలిపి, ఎదురుగా ఏదైనా కదిలినప్పుడు మాత్రమే రికార్డ్ చేసేలా పెట్టాను. ఖర్చు సున్నా. టైం మాత్రం బాగానే తిన్నది, అది మీకు తినకూడదనే ఇదంతా రాస్తున్నాను.

అన్నట్టు వెబ్‌క్యామ్ పుట్టిందే కాఫీ కోసం. 1991లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో వాళ్ళు కాఫీ కాగి ఉందో లేదో సీట్లోంచి లేవకుండా చూసుకోవడానికి కాఫీ పాత్రకి ఎదురుగా కెమెరా పెట్టారు, 1993లో అది వెబ్‌లోకి ఎక్కింది, 2001లో ఆపేశారు. కాబట్టి మనం చేస్తున్నది సంప్రదాయమే.

ముందు ల్యాప్‌టాప్ సంగతి. మూత మూస్తే నిద్రపోయే అలవాటు మాన్పించాలి: పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినప్పుడు ఏం చెయ్యాలి అన్నచోట డూ నథింగ్, స్లీప్ అన్నచోట నెవర్. అక్కడే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఒకటి ఉంటుంది, వాడని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చేది, దాన్ని కూడా ఆపెయ్యండి. నేను ఆపలేదు, రెండు రోజులు అర్ధరాత్రి కెమెరా కనెక్షన్ పోతుంటే కెమెరానే పాడైందనుకున్నాను. విండోస్ 10 మెషీన్ అయితే దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, అందుకని ఆ మెషీన్‌లో బ్యాంకు లాగిన్లు, మెయిళ్ళు ఏవీ ఉంచకుండా ఈ ఒక్క పనికే వదిలెయ్యండి, లేదా లినక్స్ ఎక్కించండి. పాత ల్యాప్‌టాప్‌తో ఇంకో సుఖం, బ్యాటరీ కొంచెం ప్రాణంతో ఉన్నా అదే యూపీఎస్, బెంగళూరులో వానాకాలం సాయంత్రాలు కరెంటు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా. కానీ అలర్టులు కావాలంటే రౌటర్‌కి కూడా బ్యాకప్ ఉండాలి. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది, మీ ల్యాప్‌టాప్‌లో చార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంటే పెట్టుకోండి, ఇప్పటికే ఉబ్బి ఉంటే మాత్రం దాన్ని తీసేసి నేరుగా చార్జర్ మీద నడపండి.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఎక్కువ ఆలోచించకండి. విండోస్‌లో ఒకప్పుడు అందరూ ఐస్పై వాడేవాళ్ళు, ఇప్పుడు దాన్ని రాసినవాళ్ళే చేసిన ఏజెంట్ డీవీఆర్ ఉంది, ఇన్‌స్టాల్ చేశాక బ్రౌజర్‌లో localhost:8090 అని కొడితే తెరుచుకుంటుంది. ఇంట్లో వాడుకోవడానికి ఉచితం, వాళ్ళ సర్వర్ ద్వారా బయటినుంచి చూడాలంటే డబ్బు కట్టాలి. లినక్స్‌లో అయితే మోషన్ అనే చిన్న ప్రోగ్రామ్, పేరే పని. దాని సెట్టింగులన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి, అది చూసి భయమేస్తే దానిమీద మోషన్‌ఐ వేసుకుంటే బటన్లతో పని అయిపోతుంది. జోన్‌మైండర్, ఫ్రిగేట్ లాంటివి కూడా ఉన్నాయి, బాగుంటాయి, కానీ ఒక్క వెబ్‌క్యామ్ కోసం అవి తెచ్చుకోవడం పచ్చడి నూరడానికి పిండిమర కొనడం లాంటిది. వెబ్‌క్యామ్ లేకపోతే పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఐపీ వెబ్‌క్యామ్ అనే యాప్ వేసి, అది చూపించే అడ్రస్‌ని వీటిలో నెట్‌వర్క్ కెమెరాగా ఇచ్చినా పనిచేస్తుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి, వెబ్‌క్యామ్‌ని మామూలుగా ఒకసారి ఒక ప్రోగ్రామే వాడుకోగలదు. అదే ల్యాప్‌టాప్‌లో మీటింగ్‌లో కూర్చుంటే కాపలా ఆగిపోతుంది. విండోస్ ప్రైవసీ సెట్టింగుల్లో డెస్క్‌టాప్ యాప్స్‌కి కెమెరా అనుమతి ఉందో లేదో కూడా చూడండి, చాలామందికి నల్ల తెర వచ్చేది అక్కడే.

రిజల్యూషన్ దగ్గర ఆశపడొద్దు. 1080పీ, 30 ఫ్రేములు, కంప్రెషన్ లేకుండా అంటే సెకనుకి దాదాపు 124 ఎంబీ, యూఎస్‌బీ 2.0 తాహతు కాగితం మీదే 60 ఎంబీ. అందుకే కెమెరా ఎంజేపెగ్‌లో, అంటే ఒక్కో ఫ్రేముని జేపెగ్ ఫొటోలా కుదించి, పంపుతుంది, లేదా ఫ్రేములు తగ్గించేస్తుంది. ముఖం గుర్తుపట్టడానికి 1280 బై 720, సెకనుకి 10 ఫ్రేములు హాయిగా సరిపోతాయి, ల్యాప్‌టాప్ ఫ్యాన్ కూడా అరవదు. కేబుల్ పొడవు 5 మీటర్లు దాటితే మామూలు ఎక్స్‌టెన్షన్‌తో నమ్మకం లేదు.

ఇక అసలు కథ. మొదటి రాత్రి వంటింటి కిటికీలోంచి మా గ్రిల్ వైపు కెమెరా పెట్టి పడుకున్నాను, పొద్దున లేచి చూస్తే 340 క్లిప్పులు. మా ఆవిడ చూసి, ఇంతమంది దొంగలు వస్తే పాలొక్కటే పోతాయా అంది. అన్నింట్లోనూ ఖాళీ కారిడార్, ఊగుతున్న కర్టెన్, ట్యూబ్‌లైట్.

సాఫ్ట్‌వేర్‌కి మనిషి తెలియదు, దొంగ తెలియడు. ఇప్పటి ఫ్రేముని ఇంతకుముందు ఫ్రేములతో పోల్చి ఎన్ని పిక్సెళ్ళు మారాయో లెక్కపెడుతుంది, మనం పెట్టిన హద్దు దాటితే రికార్డింగ్ మొదలు, అంతే. కదలికని పట్టడం దానికి వచ్చు, ఏ కదలికని పట్టించుకోకూడదో మనమే నేర్పాలి. ఈ మొత్తం పనిలో నాకు పట్టిన టైంలో ముప్పాతిక భాగం దీనికే పోయింది.

మోషన్‌లో ఈ హద్దుకి థ్రెషోల్డ్ అని పేరు, మామూలుగా 1500 ఉంటుంది. 640 బై 480 బొమ్మలో మొత్తం 3,07,200 పిక్సెళ్ళు, అంటే అర శాతం మారితే చాలు రికార్డ్ అవుతుంది. మీరు 1280 బై 720కి పెంచితే పిక్సెళ్ళు సరిగ్గా మూడు రెట్లవుతాయి, అదే పిల్లి మూడు రెట్ల పిక్సెళ్ళు ఆక్రమిస్తుంది, కాబట్టి హద్దు కూడా 4500 దగ్గర మొదలుపెట్టాలి. రిజల్యూషన్ పెంచి ఇది మార్చడం మర్చిపోయి నాలాగా కర్టెన్ని తిట్టకండి. ఏజెంట్ డీవీఆర్‌లో ఇదే సంగతి సెన్సిటివిటీ అనే రూపంలో కనిపిస్తుంది. అంకెలు చూస్తూ కూర్చోవడం కన్నా మీరే కారిడార్‌లో నడిచి, మనిషి నడిచినప్పుడు ఎంత వస్తోంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత వస్తోంది చూసి మధ్యలో పెట్టండి.

ట్యూబ్‌లైట్ సంగతి తెలియడానికి మూడు రోజులు పట్టింది. మన కరెంటు 50 హెర్ట్జ్, నా కెమెరా సెట్టింగ్ 60 హెర్ట్జ్ మీద ఉంది, దాంతో బొమ్మలో సన్నటి చారలు పైకీ కిందకీ పాకుతుంటాయి, కంటికి పెద్దగా కనపడవు, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అదే కదలిక. కెమెరా ప్రాపర్టీస్‌లో పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ 50కి మార్చగానే క్లిప్పులు సగానికి పడిపోయాయి. మిగతా సగంలో ఎక్కువ భాగం చీకటి వల్ల: వెలుతురు తక్కువైతే బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి, అవి ఫ్రేముకో రకంగా మారుతుంటాయి. రాత్రంతా ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు వెలిగించి ఉంచడమే దీనికి మంచి మందు. ఇన్‌ఫ్రారెడ్ లైటు కొనాలనుకుంటే ఆగండి, మామూలు వెబ్‌క్యామ్‌లలో ఆ వెలుగుని ఆపే ఫిల్టర్ ఉంటుంది, డబ్బు దండగ. కిటికీ అద్దం మూసి ఉంచితే రాత్రిపూట బయట కాకుండా మీ వంటిల్లే కనిపిస్తుంది, అద్దం తీసి పెట్టండి. కెమెరాని సూర్యుడి వైపు తిప్పకండి, ఒక మబ్బు వచ్చి పోయినా ఒక క్లిప్పు.

కర్టెన్ లాంటివాటికి మాస్క్. బొమ్మ మీద ఏ భాగం చూడాలో, ఏది వదిలెయ్యాలో రంగు పూసి చెప్పడమే. సీలింగ్ ఫ్యాన్, గోడ మీద బల్లి తిరిగే దారి, ఉతికిన బట్టలు ఆరేసే తీగ, అన్నీ మాస్క్ చేసేశాను. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మామూలు మాస్క్ వేసిన చోట కదలికని లెక్కపెట్టదు కానీ వీడియోలో ఆ భాగం రికార్డ్ అవుతూనే ఉంటుంది. అసలు రికార్డే కాకూడదంటే ప్రైవసీ మాస్క్ అని వేరే ఉంటుంది, ఆ భాగం నల్లగా అయిపోతుంది. ఎదురింటి తలుపు మీ ఫ్రేములో పడుతుంటే అక్కడ వెయ్యాల్సింది ఈ రెండోది. నేను వేశాను. ఇంట్లో పనికి వచ్చే అక్కకి కూడా ఇక్కడ కెమెరా ఉందని ముందే చెప్పేశాం. బెడ్‌రూమ్, బాత్రూమ్ వైపు కెమెరా తిప్పే ఆలోచనే వద్దు, అనుమతి లేకుండా ఎవరి ఒంటి మరుగు భాగాల్నైనా చిత్రీకరిస్తే ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

తర్వాత బఫర్. కదలిక తెలిసి రికార్డింగ్ మొదలయ్యేసరికి మనిషి సగం దూరం వెళ్ళిపోతాడు, వీపు మాత్రమే దొరుకుతుంది. నా మొదటి మంచి క్లిప్పులో ఒక నీలం రంగు చీర కొంగు, అంతే. అందుకని కదలికకి ముందు కొన్ని సెకన్లు కూడా కలిపి సేవ్ చేసే ఆప్షన్ పెట్టాలి. మోషన్‌లో ప్రీక్యాప్చర్ అంటారు, అది ఫ్రేముల లెక్క, సెకనుకి 10 ఫ్రేములైతే మూడు సెకన్లకి 30. మరీ ఎక్కువ పెడితే ర్యామ్ తినేస్తుంది. కదలిక ఆగాక ఎంతసేపటికి క్లిప్పు ముగించాలన్నది ఈవెంట్ గ్యాప్, మామూలుగా 60 సెకన్లు, తలుపు దగ్గర 15 పెట్టినా చాలు. కెమెరా కోణం కూడా చూడండి, ఎదురుగా మీదికి నడిచివచ్చే మనిషి కన్నా అడ్డంగా దాటే మనిషి తొందరగా పట్టుబడతాడు, ఎందుకంటే అడ్డంగా వెళ్ళేటప్పుడు పిక్సెళ్ళు ఎక్కువ మారతాయి.

బఫర్ పెట్టిన రెండో రోజే దొంగ దొరికింది. 5:40కి పాలబ్బాయి మా సంచిలో రెండు ప్యాకెట్లు వేశాడు, 6:10కి ఎదురింటి అజ్జి (కన్నడంలో అవ్వ) వచ్చి, కళ్ళజోడు లేకుండా, మా సంచిలోంచి ఒకటి తీసుకుని నిదానంగా వెళ్ళిపోయింది. రెండు ఇళ్ళదీ ఒకే బట్టల షాపు వాళ్ళు ఇచ్చిన ఒకే రంగు సంచి. అద్దాలు పెట్టుకున్న రోజు వాళ్ళ సంచి, పెట్టుకోని రోజు మాది. ఎవరికీ ఏం చెప్పలేదు, మా సంచి మార్చేశాం.

స్టోరేజ్ గురించి పెద్దగా భయం అక్కర్లేదు. సెకనుకి 2 మెగాబిట్ల వీడియో గంటకి 900 ఎంబీ, రోజంతా ఆపకుండా తీస్తే 21.6 జీబీ, అదే కదలిక ఉన్నప్పుడు మాత్రమే రోజుకి అరగంట అనుకుంటే అర జీబీ కూడా కాదు. 15 రోజులు దాటిన ఫైళ్ళు వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకోండి. దొంగ ల్యాప్‌టాప్‌నే ఎత్తుకుపోతే క్లిప్పులూ దాంతోపాటే పోతాయి కాబట్టి ఆ ఫోల్డర్‌ని సింక్‌థింగ్ అనే ఫైళ్ళు కాపీ చేసే ప్రోగ్రామ్‌తో ఫోన్‌కో, లేదా వేరేగా క్లౌడ్ డ్రైవ్‌కో కాపీ అయ్యేలా చెయ్యండి. మోషన్‌లో వీడియో పూర్తవగానే మనం రాసుకున్న స్క్రిప్ట్ నడిపించే సదుపాయం ఉంది, నేను దాంతో టెలిగ్రామ్ బాట్‌కి ఫొటో పంపించుకుంటున్నాను. ల్యాప్‌టాప్ గడియారం సరిగ్గా ఉందో లేదో, వీడియో మీద తేదీ టైం పడుతోందో లేదో చూడండి. నిజంగా పోలీసు స్టేషన్ దాకా వెళ్ళే పని పడితే అసలు ఫైల్‌ని కత్తిరించకుండా, పేరు కూడా మార్చకుండా అలాగే ఉంచండి, వాట్సాప్‌లో మామూలుగా వీడియోలా పంపితే నాణ్యత పోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్‌లో ఉన్నదాన్నిబట్టి లెక్కకట్టే వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి, ఫైల్‌ని కొంచెం కెలికినా ఆ విలువ మారిపోతుంది.

ఊర్లో ఉన్నప్పుడు చూడాలంటే రౌటర్‌లో పోర్ట్ (బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారి) తెరవకండి, దయచేసి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు లక్షల్లో పట్టుకుని ఇంటర్నెట్‌లో పెద్ద పెద్ద సైట్లని పడగొట్టింది. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్, అంటే మీ పరికరాల మధ్య మాత్రమే ఉండే ప్రైవేట్ దారి, ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో వేసుకుంటే పది నిమిషాల పని, బయటివాళ్ళకి ఏమీ కనపడదు. సంక్రాంతికి ఊరెళ్ళే ముందు రోజు ఒకసారి ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, ఏమీ ముట్టుకోకుండా బయటికి వెళ్ళి, మొబైల్ డేటా మీద అలర్ట్ వస్తుందో లేదో చూసుకోండి. రీస్టార్ట్ తర్వాత సాఫ్ట్‌వేర్ తనంతట తను లేవకపోతే, మొదటిసారి కరెంటు ఎక్కువసేపు పోయిన రోజే మీ కాపలా అయిపోయినట్టు.

పాల గొడవ తీరాక కెమెరాని బాల్కనీ వైపు తిప్పాను, అక్కడ పావురాలు ఏసీ వెనకాల గూడు కడుతున్నాయి. పాత సెట్టింగుల్లో పిట్టలు దొరక్కూడదని పెంచిన హద్దుని మళ్ళీ 600కి దింపాను, మాస్క్‌ని తలకిందులు చేసి గూడు ఉన్న మూల ఒక్కటే వదిలాను. నిన్న సాయంత్రానికి 74 క్లిప్పులు, అన్నీ పావురాలే.