చలికి వణికే ఇంజన్: ప్లగ్గుల కంటే ముందు చూడాల్సింది

డిసెంబరులో తిరుమల కొండపైన రాత్రంతా నిలిపిన పెట్రోల్ కారు, పొద్దున స్టార్ట్ చేస్తే వణికి ఆగిపోయేది. అలిపిరి దిగేసరికి మామూలే. ఇలాంటప్పుడు చాలామంది ముందు ప్లగ్గులు మార్చేస్తారు, దండగ. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండగా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కారుకు తగిలించే స్కానర్‌లో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం), ఇన్‌టేక్ గాలి (ఇంజన్ పీల్చే గాలి) ఉష్ణోగ్రతలు పక్కపక్కన చూడాలి. దాదాపు ఒకటే ఉండాలి. ఈ కారులో గాలి 17 డిగ్రీలు, కూలెంట్ 62! ఇంజన్ వేడిగా ఉందనుకుని ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, పెట్రోల్ తగ్గించేస్తోంది. కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్ కనెక్టర్ పీకి, సెన్సర్‌కి మల్టీమీటర్ పెడితే 550 ఓమ్‌లు; చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర 2,000 నుంచి 3,000 రావాలి. సెన్సర్ మార్చాక ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజన్ వేగం) నిమిషానికి 1,200 చుట్ల దగ్గర మొదలై, వేడెక్కేకొద్దీ 800కి దిగింది. సెన్సర్ కింది పాత వాషర్ మళ్లీ వేయకండి, కూలెంట్ కారుతుంది. మొదట చూసిన ఉష్ణోగ్రతలు రెండూ కలిస్తే మాత్రం త్రాటిల్ బాడీలో (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) మసి, వాక్యూమ్ గొట్టాల్లో పగుళ్లు వెతకండి. చలికి బిగుసుకున్న రబ్బరు సందుల్లోంచి గాలి పీలుస్తుంది.