సెల్లార్‌లో నీళ్లు ఊరుతున్నాయా? ముందు దారి కనిపెట్టండి

హైదరాబాదులో చెరువు దిగువన కట్టిన అపార్టుమెంట్లలో వానాకాలం వెళ్లిపోయినా సెల్లార్ తడి ఆరదు. ఇక్కడ అడుగున గ్రానైట్ రాయి, దాని పైన మొరం. మొరంలో ఇంకిన వాన నీరు రాతి మీద నిలిచి, పగుళ్ల వెంట పల్లానికి నడుస్తుంది. ఆ దారిలో మనం తవ్విన సెల్లార్ దానికి ఒక బావి. బావి గోడకు లోపలినుంచి రంగు పూస్తే ఊట ఆగదు కదా. అయినా చాలా సంఘాలు మొదట చేసే పని అదే. డబ్బు తీసేముందు ఆ నీరు ఎక్కడిదో తేల్చుకోండి.

నేల మీద నీళ్లు నిలిచి ఉంటే మెయిన్ స్విచ్ ఆపించే వరకు ఎవరూ దిగకూడదు. పిల్లలను అసలే రానివ్వకండి.

ఎండాకాలంలోనూ ఊట తగ్గడం లేదు

ముందు మీ సంపునే అనుమానించండి. రాత్రి నీళ్లు వచ్చే వాల్వు, మోటారు రెండూ ఆపి, నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. తెల్లవారేసరికి మట్టం గీత కిందికి దిగితే సంపు కారుతున్నట్లే. ఊట నీటిలో క్లోరిన్ పరీక్ష చుక్కలు వేసినప్పుడు పసుపు రంగు వస్తే అది కుళాయి నీరు. రంగు రాకపోతే మాత్రం కాదని తేల్చకండి, మట్టిలో నడిచేటప్పుడు క్లోరిన్ పోతుంది. వాసన వస్తే డ్రైనేజీ ఛాంబర్‌లో రంగు నీళ్లు పోసి, ఆ రంగు సెల్లార్‌లో తేలుతుందేమో చూడండి.

వాన పడిన కాసేపటికే గోడ పైభాగం తడుస్తోంది

ఇది పైనుంచి దిగే నీరు. డాబా మీది నీటిని దించే పైపు గోడ మొదట్లోనే వదిలేసి ఉంటుంది, లేదా చుట్టూ వేసిన గచ్చు ఇంటివైపు వాలి ఉంటుంది. పైపును దూరంగా మళ్లించి, గచ్చు వాలు బయటికి తిప్పితే సరిపోతుంది. ఇంకుడు గుంత ఎక్కడుందో కూడా చూడండి. సెల్లార్ గోడకు ఆనుకుని తవ్విన గుంతలు నేను చాలా చూశాను. ఆ గుంత భూమికి ఇచ్చే నీటిని గోడే ముందు తాగుతుంది. కనీసం పది అడుగుల దూరం ఉండాలి.

వాన ఆగిన రెండు మూడు రోజులకు, గోడ నేలను తాకే చోట ఊట

ఇదే అసలైన భూగర్భ జలం. గోడ కాంక్రీటు, నేల కాంక్రీటు వేర్వేరు రోజుల్లో పోస్తారు. ఆ అతుకే బలహీనమైన చోటు. ఒక సెల్లార్‌లో మూడుసార్లు పూత వేయించినా ఊట ఆగలేదు. గోడ మీద బొటనవేలంత తుప్పు మరక కనిపించి, అక్కడ ఉలితో చెక్కించాం. సెంట్రింగ్ పలకలను బిగించిన కడ్డీ రంధ్రం బయటపడింది. దాన్ని సిమెంటు సంచి కాగితం కుక్కి, పైన గిలాబా చేసి మూసేశారు. కాగితం లాగగానే దారంలా నీరు జారింది.

ఇలాంటి రంధ్రాలకు, పగుళ్లకు పాలియురిథేన్ ఇంజెక్షన్ మంచి మందు. పగులుకు పక్కగా ఏటవాలుగా రంధ్రం వేసి, నాజిల్ బిగించి, ఒత్తిడితో ఎక్కిస్తారు. నీరు తగలగానే అది నురగలా ఉబ్బి దారి మూసేస్తుంది. అయితే ఒకచోట మూస్తే నీరు పక్కన ఇంకో సందు వెతుక్కుంటుంది. అందుకే గోడ పొడవునా నేలలో కాలువ తీసి, రంధ్రాల పైపు పరిచి, చుట్టూ జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది), కంకర వేసి, నీటిని ఒక గుంతలోకి చేర్చాలి. వంద అడుగులకు ఒక అడుగు వాలు చాలు. గుంతలో చేరిన నీరు మొక్కలకు, కార్లు కడగడానికి పనికొస్తుంది.

నేల పగిలి, మధ్యలో ఉబ్బింది

దీన్ని తేలికగా తీసుకోకండి. మామూలు అపార్టుమెంట్లలో సెల్లార్ నేల చాలాసార్లు మొరం మీద పోసిన నాలుగంగుళాల కాంక్రీటే. చదరపు మీటరుకు దాని బరువు సుమారు 240 కిలోలు. ఆ కాంక్రీటు కిందిభాగం కంటే నీటిమట్టం ఒక అడుగు పైకి వస్తే చదరపు మీటరుకు 300 కిలోల ఒత్తిడి కిందినుంచి తోస్తుంది. అలాంటప్పుడు పగుళ్లు మూయడం మరింత ప్రమాదం. నీటికి దారి ఇవ్వాలి, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి.

ఊట నీటితో ఇసుక, బురద వస్తున్నా అంతే. పునాది కింది మట్టి కొట్టుకుపోతోందని అర్థం. మోటారు పెట్టి ఎడతెగకుండా తోడితే ఇంకా మట్టి లాగేస్తుంది.

తడి కనిపించదు, గోడకు తెల్లటి ఉప్పు పొర

అడుగున్నర చదరపు ప్లాస్టిక్ షీటును అంచులన్నీ టేపుతో గోడకు అతికించి ఒక రోజు ఉంచండి. గోడవైపు చెమర్చితే చెమ్మ గోడ లోపలిది. బయటివైపు చెమర్చితే గాలిలోని తేమ, దానికి ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు.

మే నెల దాటకముందే ఊట నీరు చేరే గుంతలో బిందెలతో నీళ్లు పోసి, ఫ్లోట్ స్విచ్ (నీటితో పాటు తేలే స్విచ్) లేచి, నీటిని తోడే మోటారు తిరుగుతోందో చూడండి. గట్టి వానకే కరెంటు పోతుంది కాబట్టి ఆ మోటారును జనరేటర్ లైనుకు కలిపించండి.